రాసుకపోయిన కాగితాలు ఏడున్నయ్? బొగ్గుగనుల నడుమ విశ్వవిద్యాలయం

రామగుండానికి దగ్గరలో ఒక పునరావాస కాలనీ. ఓపెన్‌కాస్టు కింద ఊరు పోయినవాళ్లకు కొలిచి ఇచ్చిన ప్లాట్లు, సగం లేచిన గోడలు, అటు చివర ఓబీ మట్టి గుట్ట. మేము ముగ్గురు పరిశోధక విద్యార్థులం సర్వే ఫారాలు పట్టుకొని దళిత కుటుంబాలు ఉండే వరసలోకి వెళ్లాం. పాత ఊళ్లో వాడ ఊరి చివర ఉండేది. కొత్త కాలనీలో కూడా అది మళ్లీ ఒక చివరి వరసగానే ఎలా తేలిందో వేరే వ్యాసమే రాయాలి.

మొదటి ఇంట్లో అరవై దాటిన ఒక తల్లి మంచమేసి కూచోబెట్టింది, మంచినీళ్లిచ్చింది. పేరు, కులం, పిల్లలు ఎందరు, పాత ఊళ్లో ఏం పని చేసేవాళ్లు అని మేము మొదలుపెట్టగానే ఆమె ఎదురు అడిగింది. "ఇవన్నీ ఇంతకుముందు కాలేజీ పిలగాండ్లు వచ్చి రాసుకపోయిన్రు గద బిడ్డా. ఆ కాగితాలు ఏడున్నయ్? మల్ల ఎందుకు రాస్తున్నరు?"

మా దగ్గర జవాబు లేదు. తర్వాత ఆరా తీస్తే తెలిసింది. ఊరు ఖాళీ చేయడానికి కొన్నేళ్ల ముందు ఒక కళాశాల ఆ ఊరిని దత్తత తీసుకుంది. ఏడు రోజుల క్యాంపు పెట్టింది. విద్యార్థులు ఇల్లిల్లూ తిరిగి ఫారాలు నింపారు. ఇంట్లో ఎందరు, వయసులెంత, ఎవరి పొలంలో పని, ఏడాదిలో ఎన్ని రోజులు కూలి, కౌలుకు చేస్తే ఎంత, అన్నీ రాశారు. కింద తేదీ వేశారు, వేలిముద్రలు తీసుకున్నారు. క్యాంపు రిపోర్టు పైకి పోయింది. ఫొటోలు కళాశాల బ్రోచర్‌లోకి ఎక్కాయి. ఫారాల సంగతి అడిగితే, గదులు మారినప్పుడు పాత కాగితాల కింద పోయి ఉంటాయని ఒక అధ్యాపకుడు మొహమాటంగా చెప్పాడు. ఆయన మంచి మనిషి. కాకపోతే ఆ కాగితాలు ఎవరికైనా అవసరం పడతాయని ఆయనకు ఎవరూ చెప్పలేదు.

ఆ కాగితాలు ఎందుకు అవసరమో ఇక్కడ కొంచెం వివరంగా చెప్పాలి. విశ్వవిద్యాలయాలు 'సామాజిక భాగస్వామ్యం' అని చెప్పుకునే మాట బొగ్గుబెల్టులో నిలుస్తుందా లేదా అన్నది మా లెక్కన అక్కడే తేలుతుంది.

భూమి లేనివాడి రుజువు

2013 భూసేకరణ చట్టం 'బాధిత కుటుంబం' అనే మాటకు ఇచ్చిన నిర్వచనం చదవండి. అందులో భూమి పోయినవాళ్లతో పాటు, సేకరణకు ముందు మూడేళ్లుగా ఆ ప్రాంతంలోని భూమి మీద పని చేసుకొని బతికిన వ్యవసాయ కూలీలు, కౌలుదార్లు, చేతివృత్తులవాళ్లు కూడా ఉన్నారు. షరతు ఒక్కటే, వాళ్ల బతుకుతెరువుకు ముఖ్య ఆధారం ఆ భూమే అయి ఉండాలి. అదే చట్టంలో మరో వివరణ ఉంది. వయసు వచ్చిన ప్రతి మనిషీ, ఆడైనా మగైనా, పెళ్లయినా కాకున్నా, వేరే కుటుంబం కిందే లెక్క. వితంతువు, విడాకులైన స్త్రీ, భర్త వదిలేసిన స్త్రీ కూడా వేరే కుటుంబమే.

బొగ్గు కోసం తీసుకునే భూమి తరచూ 1957 నాటి బొగ్గు భూముల చట్టం కింద పోతుంది. ఆ చట్టం వేరు, మీ నిబంధనలు దానికి వర్తించవు అని ఎవరైనా అంటే ఒప్పుకోవద్దు. 2015లో కేంద్రం ఇచ్చిన ఉత్తర్వు తర్వాత ఆ చట్టం కింద తీసుకున్న భూమికి కూడా పరిహారం, పునరావాసం, కొత్త కాలనీలో ఇవ్వాల్సిన వసతులు 2013 చట్టం షెడ్యూళ్ల ప్రకారమే ఇవ్వాలి. సామాజిక ప్రభావ అంచనా మాత్రం ఆ దారిలో రాలేదు. అంటే ఊళ్లో ఎవరు దేని మీద బతుకుతున్నారో ముందుగా లెక్కగట్టే ఆ ఒక్క ప్రక్రియా తప్పిపోయింది.

ఇప్పుడు వాడలో ఉన్నవాళ్లను తలుచుకోండి. పట్టా ఉన్నవాడికి పాసుపుస్తకం ఉంది. లావణి పట్టా ఉన్న దళిత రైతుకు కూడా చేతిలో ఒక కాగితముంది. అది ప్రభుత్వం ఇచ్చిన భూమే కదా, పరిహారం తక్కువే అని దబాయించేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. 2004లోనే ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ హైకోర్టులో ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం మేకల పాండు కేసులో ఆ వాదనను కొట్టేసింది. అసైన్డ్ భూమి తీసుకుంటే పట్టాదారుతో సమానంగా మార్కెట్ విలువ ఇవ్వాలని చెప్పింది. లా చదివే విద్యార్థులు ఈ తీర్పును వాడల్లో తెలుగులో చదివి వినిపిస్తే చాలు, అదే పెద్ద భాగస్వామ్యం.

ఏ కాగితమూ లేనిది భూమి లేని కూలికి. పాతికేళ్లు ఒకే పటేలు పొలంలో పని చేసినా దానికి రశీదు ఉండదు. ఆ పటేలు వచ్చి సాక్ష్యం చెప్పడు. ఉపాధి హామీ జాబ్‌కార్డు ప్రభుత్వ పనికి గుర్తు, పొలం పనికి కాదు. రేషన్ కార్డులో బతుకుతెరువు ఉండదు. పెళ్లికాని పెద్ద కూతురు వేరే కుటుంబమని చట్టం చెప్పినా, జాబితా తీసే రోజున ఆమె తండ్రి పేరు కిందే కలిసిపోతుంది. ఇలాంటి చోట ఊరు ఉండగానే, గొడవ పుట్టకముందే, ఏ పక్షానికీ చెందని ఒక విద్యాసంస్థ తేదీ వేసి రాసుకున్న ఫారం ఎంత విలువైనదో ఆలోచించండి. ఆ ఒక్క ఫారంతోనే హక్కు వచ్చేస్తుందని మేము అనడం లేదు. జాబితాలో పేరు లేదని అభ్యంతరం పెట్టే మనిషి చేతిలో ఖాళీ అర్జీకి బదులు ఒక ఆధారం ఉండేది.

అదే పాత కాగితాల కింద పోయింది.

దత్తత అంటే ఏమిటి

విశ్వవిద్యాలయాలు సమాజానికి ఇచ్చిన మాటలు తక్కువేమీ కాదు. 1969లో గాంధీ శతజయంతి ఏడాది 37 విశ్వవిద్యాలయాల్లో ఎన్ఎస్ఎస్ మొదలైంది. రెండేళ్లలో 240 గంటల సేవ, ఒక ఏడు రోజుల క్యాంపు. 2014లో ఉన్నత్ భారత్ అభియాన్ వచ్చింది. 2018లో దాని రెండో దశలో ప్రతి సంస్థ కనీసం అయిదు గ్రామాలను దత్తత తీసుకోవాలన్నారు. ఆ తర్వాత యూజీసీ సామాజిక బాధ్యత, సమాజంతో భాగస్వామ్యం మీద ఒక జాతీయ పాఠ్యప్రణాళికా చట్రం తెచ్చింది. డిగ్రీ, పీజీ విద్యార్థులకు రెండు క్రెడిట్ల కోర్సు, 30 గంటలు, అందులో సగం ఊళ్లో. న్యాక్ గ్రేడులో విస్తరణ కార్యక్రమాలకు మార్కులున్నాయి.

యూజీసీ పత్రం నిజానికి బాగుంది. చాలామంది చదవకుండానే తిడతారు, మేమూ మొదట అలాగే తిట్టాం. ఊరికి ఏదో నేర్పడం కాదు, ఊరి నుంచి నేర్చుకోవడం, ఇద్దరికీ అవసరమైన ప్రశ్న మీద కలిసి పరిశోధన చేయడం అని అందులో ఉంది. పని తెలిసిన స్థానికులను అధ్యాపకులుగా తరగతికి పిలవండని ఉంది. తట్టా చెమ్మస్‌తో బొగ్గు నింపిన రిటైర్డు కోల్ ఫిల్లర్ మైనింగ్ తరగతిలో పాఠం చెప్పొచ్చని దానర్థం. కాగితం మీద అది ఇప్పటికీ సాధ్యమే.

జరిగేది వేరు. క్యాంపు అంటే చీపుర్లు, మొక్కలు, ర్యాలీ. పొద్దున్నే ఊరి రోడ్డు ఊడుస్తారు, ఫొటో దిగుతారు. ఆ ఊళ్లో రోజూ రోడ్డు ఊడ్చేవాళ్లు ఏ వాడ నుంచి వస్తారో అడగరు. తరతరాలుగా ఊరి మురికి ఎత్తినవాళ్లకు ఊరంతా కలిసి శుభ్రత మీద అవగాహన కల్పించడం చూస్తే నవ్వాలో ఏడవాలో తెలియదు. ఎన్ఎస్ఎస్ క్యాంపులో మాలో ఒకరు డిగ్రీ రోజుల్లో చీపురు పట్టారు. ఇంటికెళ్లి చెబితే మున్సిపాలిటీలో స్వీపరు పని చేసే తల్లి, చదువుకోను పంపితే నా పనే చేయించిన్రా అని అడిగిందట.

బొగ్గుబెల్టులో దత్తతకు మరో చిక్కు ఉంది. పథకం గ్రామాలను అడుగుతుంది. గోదావరిఖని, రామగుండం నగరపాలక సంస్థ. కాంట్రాక్టు కార్మికుల కుటుంబాలు నిండుగా ఉండే బస్తీలు ఆ నగరం లోపలివి. పట్టా లేని గుడిసెలు, కంపెనీ స్థలంలో ఏళ్ల తరబడి నిలిచిన ఇళ్లు, కూల్చేస్తారని భయపడే ఇళ్లు. ఇవి గ్రామాలు కావు కాబట్టి దత్తతకు రావు. మరోవైపు గ్రామంగా దత్తతకు వచ్చిన ఊరు ఓపెన్‌కాస్టు కింద పోతే, ఆ దత్తత ఏమైనట్టు? ఊరు లేచిపోయాక కళాశాల మరో ఊరిని ఎంచుకుంటుంది. మనుషులు ఎక్కడికి పోయారో వెంట వెళ్లి చూడాలనే నియమం మాకైతే ఎక్కడా కనబడలేదు. దత్తత తీసుకున్న బిడ్డ ఇల్లు కోల్పోతే తల్లిదండ్రులు వేరే బిడ్డను వెతుక్కుంటారా?

'స్థానిక భాగస్వామి' ఎవరు

ఈ ప్రాంతపు డిగ్రీ, పీజీ కళాశాలలు కరీంనగర్‌లో 2008లో ఏర్పడిన శాతవాహన విశ్వవిద్యాలయం పరిధిలోవి. మంథని పేరుతో ఉన్న జేఎన్‌టీయూ ఇంజనీరింగ్ కళాశాల సెంటినరీ కాలనీలో ఉంది, అంటే సింగరేణి నూరేళ్ల పండుగ పేరు మోస్తున్న కాలనీలో. కొత్తగూడెంలో 1978 నుంచి గనుల చదువు ఉంది. ఆ కళాశాలనే 2025లో ఎర్త్ సైన్సెస్ విశ్వవిద్యాలయంగా మార్చారు. రామగుండంలో సింగరేణి నిధులతో ప్రభుత్వ వైద్య కళాశాల 2022లో తరగతులు మొదలుపెట్టింది. చదువుల తల్లి బొగ్గు దగ్గరికి బాగానే నడిచొచ్చింది.

ఇక్కడ విశ్వవిద్యాలయం 'స్థానిక భాగస్వామి' అనగానే ముందుగా కంపెనీయే గుర్తుకొస్తుంది. సింగరేణి 1920లో ఆ పేరుతో ఏర్పడిన సంస్థ. ఇప్పుడు 51 శాతం వాటా రాష్ట్రానిది, 49 శాతం కేంద్రానిది. ప్రజల సొత్తే. దానితో ఒప్పందాలు చేసుకోవడంలో తప్పు లేదు. ల్యాబ్‌లు వస్తాయి, ఇంటర్న్‌షిప్‌లు వస్తాయి, కొందరికి ఉద్యోగాలూ వస్తాయి. కానీ కంపెనీ ఒక్కటే 'సమాజం' అయిపోతే లోపల ఉన్న తేడాలు కనబడవు.

ఆ తేడాలకు ఒక లెక్క చాలు. 2024 సెప్టెంబరులో ప్రభుత్వం లాభాల వాటా ప్రకటించింది. 41,837 మంది పర్మనెంటు ఉద్యోగులకు 796 కోట్లు, సగటున తలా 1 లక్షా 90 వేలు. దాదాపు 25 వేల మంది కాంట్రాక్టు కార్మికులకు తలా 5 వేలు. కాంట్రాక్టు వాళ్లకు ఏదైనా ఇవ్వడం అదే మొదటిసారి కాబట్టి దాన్నీ పండుగలా చెప్పుకున్నారు. 1990ల మొదట్లో లక్ష దాటి ఉన్న పర్మనెంటు కొలువులు నలభై వేలకు దిగాయి. బాయిలు మూతపడి ఓపెన్‌కాస్టులు పెరిగాయి, ఇప్పుడు బొగ్గులో నూటికి ఎనభై పాళ్లకు పైగా అక్కడి నుంచే వస్తుంది. మట్టి తీసే పని, ఊడ్చే పని, కాపలా, కాలనీల నిర్వహణ కాంట్రాక్టుకు పోయాయి. తండ్రి బాయిలో పర్మనెంటు ఫిల్లరు, కొడుకు అదే గని మీద కాంట్రాక్టు స్వీపరు, ఇలాంటి ఇళ్లు వాడల్లో ఎన్నో చూశాం. కాంట్రాక్టు కార్మికుల్లో ఏ కులం వాళ్లు ఎందరో లెక్క తీయడం నిజానికి విశ్వవిద్యాలయం చేయదగ్గ పని. హై పవర్ కమిటీ వేతనాలు ఇవ్వాలని 2022 సెప్టెంబరులో వాళ్లు రెండు వారాలకు పైగా సమ్మె చేస్తే, ఆ సమ్మె ఎందుకో చెప్పే ఒక చిన్న అధ్యయనం కూడా ఈ ప్రాంతపు తరగతి గదుల్లోంచి వచ్చినట్టు మా కంటపడలేదు.

వైద్య కళాశాలనే తీసుకోండి. అందులో 5 శాతం సీట్లు సింగరేణి ఉద్యోగుల పిల్లలకు కేటాయిస్తూ 2023లో ప్రభుత్వం నిర్ణయించింది. బొగ్గు తవ్విన ఇంట్లో ఒక డాక్టరు కావడం మంచిదే, మేము కాదనం. ఐతే కంపెనీ రికార్డుల్లో కాంట్రాక్టు కార్మికుడు 'ఉద్యోగి' కాడు. భూమి పోయి కూలైన మనిషి అసలే కాడు. ధూళి మాత్రం అందరి ఊపిరితిత్తుల్లోకి సమానంగానే పోతుంది.

ధూళి గురించి ఇంకో మాట. బొగ్గు ధూళి పేరుకొని వచ్చే న్యూమోకోనియోసిస్ మెల్లగా వస్తుంది, పదేళ్లు, ఇరవై ఏళ్లు పట్టొచ్చు, ఒకసారి వస్తే పోదు. అందుకే గని పనికి చేరేటప్పుడు ఒకసారి, తర్వాత అయిదేళ్లకోసారి వైద్య పరీక్ష చేయాలనే నిబంధన పెట్టారు. పాత ఎక్స్‌రే పక్కన కొత్త ఎక్స్‌రే పెట్టి చూస్తేనే జబ్బు ముదురుతున్నదని తెలుస్తుంది. కాంట్రాక్టు పనిలో కాంట్రాక్టరు మారుతుంటాడు, పాత కాంట్రాక్టరుతో పాటు పాత కాగితాలూ పోతాయి. ప్రతి పరీక్షా మొదటి పరీక్షే అవుతుంది. జబ్బు బయటపడే నాటికి అది ఏ పనిలో, ఎవరి కింద వచ్చిందో చెప్పే దారం ఉండదు. పక్కనే ప్రభుత్వ వైద్య కళాశాల ఉంది. ఏ కాంట్రాక్టరు కింద పని చేసినా సరే, బస్తీల్లోని గని కూలీల ఎక్స్‌రేలు తీసి, ఒక కాపీ మనిషి చేతికిచ్చి, ఒకటి తన దగ్గర ఇరవై ఏళ్లు దాచగలిగితే, అది వంద ఉచిత వైద్య శిబిరాలకు సమానం. శిబిరంలో మాత్రలిస్తారు. మాత్రలు నాలుగు రోజులకు అయిపోతాయి.

వేరే బొగ్గు ఊళ్లలో ఏం చేశారు

ఇదంతా అత్యాశ కాదని చెప్పడానికి కొన్ని పాత సంగతులు. ఇంగ్లండులో షెఫీల్డ్ విశ్వవిద్యాలయం 1952లో గని కార్మికులకు డే రిలీజ్ కోర్సు పెట్టింది. వారానికి ఒక రోజు గని పని నుంచి విడుపు, ఆ రోజు విశ్వవిద్యాలయంలో తరగతి, ఇలా మూడేళ్లు. ఆర్థికశాస్త్రం, రాజకీయం, యాజమాన్య సంబంధాలు చదివారు. గనులు ప్రభుత్వ కోల్ బోర్డు చేతిలో ఉన్నాయి, అది విడుపు ఇవ్వాలి. కార్మిక సంఘం ఇందులో మూడో భాగస్వామి. అక్కడ చదివిన డెన్నిస్ స్కిన్నర్ అనే గని కార్మికుడు తర్వాత దాదాపు అర్ధ శతాబ్దం పార్లమెంటులో కూచున్నాడు. యాజమాన్యం, విశ్వవిద్యాలయం ఇద్దరే సంతకం పెట్టి ఉంటే అది మరో సేఫ్టీ ట్రైనింగ్ అయ్యేదని మా అనుమానం.

వేల్స్‌లో గని కార్మికులు తమ కూలిలోంచి పైసా పైసా వేసుకొని ఊరూరా గ్రంథాలయాలు కట్టుకున్నారు. గనులు మూతపడుతుంటే ఆ పుస్తకాలు చెల్లాచెదురవడం మొదలైంది. స్వాన్‌సీ విశ్వవిద్యాలయం మిగిలినవాటిని పోగుచేసి, పాత కార్మికుల మాటలు రికార్డు చేసి, 1973లో సౌత్ వేల్స్ మైనర్స్ లైబ్రరీ తెరిచింది. సింగరేణిలో 1981 సమ్మెలు చూసినవాళ్లు ఇప్పుడు డెబ్బైల్లో, ఎనభైల్లో ఉన్నారు. వాళ్ల కరపత్రాలు, సంఘాల మినిట్స్, పాటల నోటుబుక్కులు ఇళ్లలో అటకల మీద ఉన్నాయి. పి.చంద్, తుమ్మేటి రఘోత్తమరెడ్డి వంటివాళ్లు బొగ్గుబాయి బతుకును కథల్లోకి తెచ్చారు. వాడలోని ఫిల్లరు తన కథను తానే చెప్పుకొన్న గొంతు రికార్డయింది చాలా తక్కువ.

విదేశాల దాకా ఎందుకు, అంబేద్కర్ ఉన్నాడు కదా. 1945లో పీపుల్స్ ఎడ్యుకేషన్ సొసైటీ పెట్టి, 1946లో బొంబాయిలో సిద్ధార్థ కళాశాల తెరిచినప్పుడు తరగతులు పొద్దున్నే నడిపించాడు. పగలు ఉద్యోగం చేసుకునే పేద పిల్లలు ఆఫీసుకు పోయేలోపు చదువుకోవాలని. కళాశాల తన గంటలను విద్యార్థి బతుకుకు తగ్గట్టు మార్చుకుంది. ఆయన పేరు మోసే సార్వత్రిక విశ్వవిద్యాలయం మన దగ్గర 1982లో పుట్టింది. బడి సర్టిఫికెట్ లేనివాళ్లకు కూడా అర్హత పరీక్ష రాసి డిగ్రీలో చేరే తలుపు తెరిచింది. మూడు షిఫ్టుల గోదావరిఖనిలో ఎన్ని కళాశాలలు షిఫ్టుకు తగ్గట్టు తరగతి నడుపుతున్నాయి?

బహిరంగ విచారణ రోజు

కొత్త గని రావాలంటే 2006 నోటిఫికేషన్ ప్రకారం పర్యావరణ ప్రజాభిప్రాయ సేకరణ జరగాలి. కనీసం 30 రోజుల ముందు నోటీసు. పూర్తి నివేదిక కలెక్టరేట్, జిల్లా పరిషత్తు, స్థానిక సంస్థల దగ్గర చూడొచ్చు. ఆ నివేదిక వందల పేజీల ఇంగ్లిషు. తెలుగులో వచ్చేది సంక్షిప్త రూపం మాత్రమే. నీళ్లు ఎంత లోతుకు పోతాయి, పేలుళ్లకు ఏ ఇళ్లు అదురుతాయి, ఓబీ గుట్ట ఎవరి చెరువు పైన పడుతుంది, ఈ వివరాలు ఉండేది ఇంగ్లిషు పట్టికల్లో.

ఆ 30 రోజులు విశ్వవిద్యాలయానివి. జియాలజీ విద్యార్థి భూగర్భజలాల అధ్యాయం, లా విద్యార్థి పునరావాస అధ్యాయం, తెలుగు శాఖ విద్యార్థి దాన్ని మనుషుల భాషలోకి మార్చే పని తీసుకుంటే, విచారణ రోజున వాడ నుంచి వచ్చిన మనిషి "మాకు ఉద్యోగాలియ్యాలె" అనడంతో ఆగడు. ఫలానా పేజీలో మా చెరువు పేరు ఎందుకు లేదని అడుగుతాడు. ఇంకో సంగతి చాలామందికి తెలియదు. విచారణ చివర్లో, ఎవరెవరు ఏమన్నారో రాసిన సారాంశాన్ని అక్కడికక్కడే స్థానిక భాషలో చదివి వినిపించి, అదే రోజు సంతకం చేయాలి. తన మాట అందులో ఉందో లేదో వినేదాకా ఎవరూ కదలొద్దు. ఇద్దరు విద్యార్థులు సొంతంగా మాట మాటా రాసుకుంటే రెండు కాగితాలూ పోల్చి చూడొచ్చు.

ఇది రాజకీయం అని కొందరు అధ్యాపకులు మాతో అన్నారు. నివేదిక చదవడం రాజకీయమైతే, నివేదిక రాయడంలో కంపెనీకి సాయపడే కన్సల్టెన్సీ ఏమిటి?

జిల్లా ఖనిజ నిధి సంగతీ అంతే. 2015 చట్ట సవరణ తర్వాత గని నడిపేవాళ్లు రాయల్టీతో పాటు ఈ నిధికి వాటా కట్టాలి. అంతకుముందు లీజులకు రాయల్టీలో 30 శాతం, ఆ తర్వాతవాటికి 10 శాతం. 2024లో మార్చిన మార్గదర్శకాల ప్రకారం గని నుంచి 15 కిలోమీటర్ల లోపు నేరుగా ప్రభావితమైన ప్రాంతం. బేస్‌లైన్ సర్వే చేసి, అయిదేళ్ల ప్రణాళిక రాసి, తాగునీరు, ఆరోగ్యం, చదువు లాంటివాటికి కనీసం 70 శాతం పెట్టాలి. సర్వేలో పడని వాడకు ప్రణాళికలో వాటా ఉండదు. మళ్లీ అదే ఫారం దగ్గరికొచ్చాం.

మా చేతులు కూడా

మమ్మల్ని మేము వదులుకోవడం లేదు. మా థీసిస్‌లు ఇంగ్లిషులో ఉన్నాయి. 'సమ్మతి పత్రం' కూడా ఇంగ్లిషులో ఉంటే దాని మీద వేలిముద్ర తీసుకున్న రోజులున్నాయి. మాలో ఇద్దరిది ఇలాంటి వాడే. అయినా ఫారం చేతిలో పట్టుకోగానే మేము అటువైపు మనుషులమైపోతాం. విశ్వవిద్యాలయం బయటి సమాజం గురించి మాట్లాడేటప్పుడు తన లోపలి వాడను మరచిపోతుంది. 2016 జనవరిలో హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో సస్పెండైన దళిత విద్యార్థులు తమ గుడారానికి వెలివాడ అని పేరు పెట్టుకున్నారు. అక్కడి నుంచే రోహిత్ వేముల వెళ్లిపోయాడు. ఈ ప్రాంతపు కళాశాలల్లో చదివే మొదటి తరం పిల్లలు చాలామంది 'దత్తత' ఊళ్ల నుంచి, బస్తీల నుంచి వచ్చినవాళ్లే. సమాజం గేటు బయట లేదు, మూడో బెంచీలో కూచొని ఉంది. స్కాలర్‌షిప్ డబ్బులు రాలేదని హాల్‌టికెట్ ఆపే కళాశాల ఊరిని దత్తత తీసుకోవడం మాకు అర్థం కాదు.

సమాచారం దాచాలని అంటున్నాం కాబట్టి దాని ప్రమాదమూ చెప్పాలి. ఇంటింటి వివరాలు, ఎవరు ఏ సంఘంలో ఉన్నారు, ఎవరు కంపెనీ స్థలంలో ఇల్లు కట్టుకున్నారు అనేవి యాజమాన్యం చేతికో పోలీసుల చేతికో పోతే మనుషులకు దెబ్బ తగులుతుంది. బొగ్గుబెల్టు చరిత్ర తెలిసినవాళ్లకు ఇది విడమరచి చెప్పక్కర్లేదు. కాబట్టి మొదటి కాపీ ఆ ఇంట్లోనే ఉండాలి, తెలుగులో, కళాశాల ముద్రతో, తేదీతో. రెండో కాపీ విశ్వవిద్యాలయంలో తాళం కింద ఉండాలి. మూడో మనిషికి చూపాలంటే ఇంటివాళ్ల అనుమతి కావాలి. ప్రశ్నలు రాసేటప్పుడే వాడ నుంచి ఇద్దరు, బస్తీ మహిళల నుంచి ఇద్దరు కూచోవాలి. వాళ్లను కూచోబెట్టి ఉంటే 'ఎవరి పొలంలో ఎన్నేళ్లుగా' అనే ప్రశ్న మొదటి పేజీలోకి వచ్చేది. మా సొంత ఫారంలో అది లేదు. పెద్ద కూతురికి వేరే ఫారం నింపాలని కూడా మాకు మొదట తోచలేదు.

కాలనీకి మళ్లీ వెళ్లేలోపు ఫారాన్ని తెలుగులో తిరగరాశాం. ఆ తల్లి ఇంట్లో మూడు ఫారాలు నింపాం, ఆమెకొకటి, భర్త పోయిన కోడలికొకటి, ఇరవై రెండేళ్ల మనవరాలికొకటి. పాత ఊళ్లో ఎవరి పొలంలో ఏ ఏడు నుంచి ఏ ఏడు దాకా పని చేశారో ముగ్గురూ చెప్పారు. సర్వే నంబరు మనవరాలికి గుర్తుంది, మాకు ఆశ్చర్యం వేసింది. ఇప్పుడు రాసిన కాగితం ఊరు ఉండగా రాసినదానికి సాటి రాదు. ఆ సంగతి ఆమెకే ముందు చెప్పాం. జిరాక్సులు తీయించి సాయంత్రం తెచ్చిచ్చాం. ఆ వరసలో మేము ఫారాలు నింపిన ఇళ్లలో రెండింటికి అప్పటికే తాళాలున్నాయి. ఒక కుటుంబం పనికి మంచిర్యాల వైపు పోయిందన్నారు, ఇంకొకరు ఎటు పోయారో పక్కవాళ్లకు తెలియదు. వాళ్ల కాపీలు మా దగ్గరే ఉన్నాయి.